శాకాహార భోజనము - వారపు ఏర్పాటు

"ఈ పూట ఏమి వండవలెను?" అను ప్రశ్న ప్రతి ఇంటను దినమునకు రెండుమార్లు పుట్టును. పొయ్యి వెలిగించిన తరువాత జవాబు వెదకుకొన్నచో, చేతికందిన కూరగాయతో, ఇంత చారుతో పూట గడచిపోవును. కడుపు నిండును, కాని శరీరమునకు వలసినవన్నియు అందినవని చెప్పలేము. కొండంత అన్నము, గోరంత కూర ఉన్న విస్తరి ఆకలిని తీర్చును గాని ఆరోగ్యమును నిలుపజాలదు.

ఈ లోటును ఎక్కువగా అనుభవించువారు స్త్రీలు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన దేశమున 15 మొదలు 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్లు తేలినది. దీనికి కారణములు పెక్కు గలవు. ఆహారమున ఇనుము చాలకపోవుట వానిలో ముఖ్యమైనది. అందరును తిన్న పిదప గిన్నె అడుగున మిగిలిన పప్పుతో సరిపెట్టుకొను ఇల్లాలికి ఆ ఇనుము ఎక్కడినుండి వచ్చును?

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో, బెరిబెరి వ్యాధి పరిశోధనకై ఒక్క గదిలో ఆరంభమై, 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలో, దినమునకు 2,000 కాలరీలు వలసిన వ్యక్తికి ఈ కొలతలు చెప్పబడినవి: ధాన్యములు 250 గ్రాములు, పప్పుదినుసులు 85, ఆకుకూరలతో కలిపి కూరగాయలు 400, పండ్లు 100, నువ్వులు మొదలగు గింజలు 35, నూనె 27 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు. ఇవి వండక పూర్వపు తూకములు.

ఇందు గమనింపదగిన విషయములు రెండు. మొదటిది, కూరగాయల తూకము ధాన్యపు తూకమును మించినది. రెండవది, మూడుపాళ్లు ధాన్యమునకు ఒకపాలు పప్పు కలదు. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ తక్కువ. పప్పులో అది హెచ్చు, మెథియోనిన్ తక్కువ. రెండును కలిసినపుడు ఒకదాని లోటును మరొకటి పూరించును. పప్పన్నము, పులగము, ఇడ్లి ఇట్టి కలయికలే. పలుచని చారును మాత్రము పప్పు క్రింద లెక్కింపరాదు.

శాకాహారములోని ఇనుము సులభముగా ఒంటబట్టదు. సి విటమిను తోడైనచో మేలుగా పట్టును. కావున తోటకూర పప్పును దింపిన తరువాతనే నిమ్మరసము పిండవలెను. పొయ్యిమీద ఉండగా పిండినచో వేడికి ఆ విటమిను నశించును. ఉసిరికాయ పచ్చడి, జామపండు కూడ ఇట్లే ఉపకరించును. టీ, కాఫీలను భోజనమునకు ముందొక గంట, తరువాత ఒక గంట మానుట మంచిది. అవి ఇనుమును అడ్డగించును.

వండు పద్ధతియందును జాగ్రత్త వలయును. ఆకుకూరను కడిగిన పిమ్మట తరుగవలెను. తరిగి కడిగినచో సారము నీటి పాలగును. బియ్యమును పదేపదే కడిగి, గంజి వార్చినచో బి విటమినులు పోవును. బాగుగా మరపట్టిన తెల్లబియ్యమే ముఖ్యాహారమైన చోట్ల బెరిబెరి వ్యాపించుటకు బి-1 విటమిను లోపమే కారణము. కనుక అత్తెసరు పెట్టుట మేలు. పప్పు త్వరగా ఉడుకుటకు వంటసోడా వేయుట తగదు. అది బి-1 ను నశింపజేయును. ముందుగా నానబెట్టిన చాలును.

వారమునకు ఒకమారు కాగితముమీద ఏర్పాటు వ్రాసికొన్నచో నిత్యము తడుముకొన పనిలేదు. సోమవారము తోటకూర-కందిపప్పు, మంగళవారము బీరకాయ-పెసరపప్పు, బుధవారము అలసంద గుగ్గిళ్లు, వంకాయకూర, గురువారము సొరకాయ-శనగపప్పు, శుక్రవారము మునగాకు-పెసరపప్పు, శనివారము ఉడికించిన ఉలవలు, దొండకాయ వేపుడు, ఆదివారము గోంగూర పప్పు. గుగ్గిళ్లు చేయు దినమునకు ముందురాత్రి గింజలు నానవేయవలెను. రెండు మూడు పూటలు అన్నమునకు మారుగా జొన్నరొట్టె గాని, రాగిసంగటి గాని చేయవచ్చును. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియము కలదు. ఊరగాయ, అప్పడములలోని ఉప్పును కూడ కలుపుకొని, మనిషికి దినమునకు 5 గ్రాములు మించరాదు.

మొక్కలనుండి లభించు ఆహారమున బి-12 విటమిను ఉండదు. పాలు, పెరుగులనుండి అది లభించును. వానిని సైతము మానినవారు వైద్యుని సలహాపై మాత్రలు వాడవలెను. ఇదివరకే రక్తహీనత ఉన్నవారికి భోజనము మాత్రమే చికిత్స కాజాలదు. పరీక్ష చేయించుకొని మందు పుచ్చుకొనవలెను.

చివరకు కొలతను గూర్చి ఒక మాట. నలుగురు పెద్దలున్న ఇంట, ఇడ్లిలోని మినపప్పుతో సహా, దినమునకు 340 గ్రాముల పప్పుదినుసులు వలయును. కొలిచి వండి, వడ్డనకు ముందే కూరను, పప్పును నాలుగు గిన్నెలలో సమముగా తీసి ఉంచుడు. అప్పుడు వడ్డించువారు చివర తిన్నను వారి పాలు వారికి మిగిలియుండును.