చిక్కుడు

చిక్కుడు ఫాబేసి కుటుంబానికి చెందిన తీగ మొక్క. దీని శాస్త్రీయ నామం లాబ్‌లాబ్ పర్పురియస్. లిన్నేయస్ 1753లో దీనిని డోలికోస్ లాబ్‌లాబ్ అనే పేరుతో వర్ణించాడు. కరీంనగర్ జిల్లాలోని చొప్పదండి మొదలుకొని తెలుగు నాట పలుచోట్ల దీనిని పెరటి పందిళ్ళపై, దడులపై పాకిస్తారు.

కాపు కాలం

సంప్రదాయ తీగ రకాలు పగటి సమయం తగ్గినప్పుడే పూస్తాయి. అందువలన వానాకాలం ఆరంభంలో విత్తినప్పటికీ చలికాలంలోనే కాస్తాయి. బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క జయ్, అర్క విజయ్ అనే పొద రకాలకు ఈ నియమం వర్తించదు. వీటిని ఇతర కాలాల్లోనూ పండించవచ్చును.

వంటకాలు

గింజ ఉబ్బని లేత కాయలు కూరకు శ్రేష్ఠం. ఇరువైపులా పీచు తీసి, తుంచి, టమాటతో గాని వంకాయతో గాని వండుతారు. నువ్వుల పొడి కూడా చల్లుతారు. ముదిరిన కాయల నుండి గింజలను మాత్రమే వలుచుకుంటారు.

జాగ్రత్తలు

ఎండు గింజలలో సయనైడును విడుదల చేసే పదార్థాలు ఉంటాయి. కనుక వాటిని పచ్చిగా తినరాదు. నానబెట్టి, బాగుగా ఉడికించి, ఆ నీటిని పారబోయాలి.

ఆచారాలు

మాఘ శుద్ధ సప్తమినాడు వచ్చే రథసప్తమికి చిక్కుడు కాయలను పుల్లలతో గుచ్చి రథం చేస్తారు. చిక్కుడు ఆకులపై సూర్యునికి పరమాన్నం నివేదిస్తారు.