సహకార విద్యుత్సంఘములును సౌరశక్తియు

కామారెడ్డి నుండి సిరిసిల్లకు పోవు బాట మన మాచారెడ్డి మీదుగా సాగును. తూర్పున పొలిమేర దాటినంతనే నేల మారదు, పంట మారదు. కాని పొలముగట్టున నిలిచిన కరెంటు స్తంభమునకు యజమాని మారును. ఇటువైపు తీగ ప్రభుత్వరంగమునకు చెందిన ఉత్తర తెలంగాణ విద్యుత్ పంపిణీ సంస్థది. అటువైపు తీగ సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘముది. అనగా అందు వాటా గల రైతులది, నేతపనివారిది, గృహస్థులది.

బొగ్గు మీది యాధారమును తగ్గించి సూర్యుని వలనను, నీటి వలనను, గాలి వలనను లభించు విద్యుత్తును హెచ్చించవలెనని నేడు దేశమంతట యత్నము జరుగుచున్నది. తీగలు ప్రజల సొత్తయిన చోట ఈ మార్పునకు ఏర్పాటు ఎట్లు చేసికొనవలెను? దానివలన సామాన్య రైతునకు లాభమా, భారమా? ఈ ప్రశ్నలు సిరిసిల్లవారివి మాత్రమే కావు. సహకారమును నమ్మిన ప్రతి గ్రామమునకును వర్తించును. మా అభిప్రాయమును ముందుగనే విన్నవించెదము: సౌరఫలకములు కొనుటకు ముందు లెక్క వ్రాసికొనవలెను, ఆ లెక్కను సభ్యులందరి యెదుట పెట్టవలెను.

సంఘము పుట్టుక

1969లో కేంద్రప్రభుత్వము గ్రామీణ విద్యుదీకరణ సంస్థను స్థాపించెను. పల్లెలకు కరెంటు చేర్చు పనిని రాష్ట్ర విద్యుత్ మండలులకే విడువక, వినియోగదారులే సభ్యులైన సహకార సంఘములకును అప్పగించి చూడవలెనని అప్పుడు తలపెట్టిరి. అమెరికాలో 1930ల నుండి రైతులు ఇట్టి సంఘములను నడుపుకొనుచుండిరి. వారి యనుభవము ఇందుకు తోడ్పడెను. ప్రయోగముగా మొదట ఐదు సంఘము లేర్పడినవి: మన సిరిసిల్ల, కర్ణాటకమున హుక్కేరి, గుజరాతున కోడినార్, మహారాష్ట్రమున ముళా-ప్రవర, ఉత్తరప్రదేశమున లక్నో. సిరిసిల్ల సంఘము 1970లో పనికి దిగెను.

ఐదింటి గతియు ఒక్కటి కాలేదు. ముళా-ప్రవర సంఘమునుండి పంపిణీ బాధ్యత 2011లో రాష్ట్ర పంపిణీ సంస్థకు మరలెను. సిరిసిల్ల సంఘము ఏబది యేండ్లు దాటి నిలిచినది. 2022 డిసెంబరులో దాని పాలకవర్గము నెన్నుకొనుటకు సభ్యులు వోట్లు వేసిరి. సహకార సంఘము పేరుతో నిలువదు. రాబడి, ఖర్చు సరిపోయినంతకాలమే నిలుచును. శుభ్రమైన విద్యుత్తునకు మరలుటలో మొదట జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇదియే.

తీగ వేరు, శక్తి వేరు

సహకార భాండారము బియ్యము నమ్మును గాని వరి పండించదు. అట్లే సిరిసిల్ల సంఘము విద్యుత్తును టోకున కొని చిల్లరగా పంచుచు వచ్చినది. కనుక దాని తీగలలో పారు శక్తి బొగ్గుదియా, సూర్యునిదియా యన్నది చాలవరకు ఎక్కడనో నిర్ణయమగుచుండును. ఆ మూలస్థానమున మార్పు కొంత ప్రారంభమైనది. బొగ్గు విద్యుత్తునకు పేరొందిన రామగుండములోనే జలాశయము మీద తేలు సౌరఫలకములను పరచి, 100 మెగావాట్ల కేంద్రమును 2022 జూలై 1 నాటికి పూర్తిగా పనిలోనికి తెచ్చిరి.

రెండవ మార్గము మన చేతిలోనిది. పల్లె సబ్‌స్టేషను చెంతనే చిన్న సౌరకేంద్రము నెలకొల్పి, అచట పుట్టిన కరెంటును అచటి మోటర్లకే వాడుట. దూరము తగ్గును గనుక తీగలలో వృథాయగు శక్తియు తగ్గును. పైగా రైతు మోటరునకు పగలు కరెంటు కావలెను. సూర్యుడును పగలే యుండును. ఈ పొత్తు మన ప్రాంతమునకు కలిసివచ్చిన భాగ్యము.

లెక్క యేమి చెప్పుచున్నది

ఒక అశ్వశక్తి 746 వాట్లు. 5 అశ్వశక్తుల మోటరు, తనలో వేడిగా పోవు శక్తిని కూడ కలుపుకొని, గంటకు సుమారు నాలుగున్నర యూనిట్లు లాగును. దినమునకు ఐదు గంటలు నడచినచో 22, 23 యూనిట్లగును. ఒక మెగావాటు సౌరకేంద్రమునకు నాలుగైదెకరముల నేల కావలెను; మన యెండకు అది సంవత్సరమున సుమారు 15 లక్షల యూనిట్లు, సగటున దినమునకు నాలుగువేలకు పైగా పుట్టించును. అనగా ఒక కేంద్రము రమారమి 180 మోటర్లకు సరిపోవును. వానకాలపు మబ్బులలో ఇది తగ్గును. అప్పుడు బయటి కరెంటు తప్పదు. యాసంగి వరికి నీరు పారించు మాసములలో ఎండయు హెచ్చు, అక్కరయు హెచ్చు.

అయితే అరిగిన మోటరు, పనిచేయని కెపాసిటరు, మోయలేని బరువుతో కాలిపోవు ట్రాన్స్‌ఫార్మరు ఉన్నంతకాలము ఎంత సౌరశక్తి వచ్చినను చిల్లికుండలో పోసినట్లే. పొదుపు చేసిన యూనిట్టే అన్నిటికంటె చవుకైనది, శుభ్రమైనది. కాబట్టి ప్రణాళికలో మొదటి పుట మరమ్మతులది కావలెను.

రాత్రి సంగతి వేరు. సిరిసిల్ల మరమగ్గములు సూర్యాస్తమయముతో ఆగవు. ఇంటి దీపములు అప్పుడే వెలుగును. అమెరికాలోని హవాయి ద్వీపములలో కవాయి యను ద్వీపమున ప్రజలు 2002లో విద్యుత్ సంస్థను కొని సహకార సంఘముగా మార్చుకొనిరి. దిగుమతి చమురు మీద ఆధారపడిన ఆ సంఘము, పగటి సౌరశక్తిని పెద్ద బ్యాటరీలలో నిలువచేసి రాత్రి వాడు పద్ధతిని క్రమక్రమముగా అలవరచుకొనెను. వారికి చమురు మిక్కిలి ఖరీదు గనుక ఆ ఖర్చు గిట్టెను. మనకు గిట్టునో లేదో మన ధరలతో లెక్కించి చూచుకొనవలెను.

ఒక నగరము చూపిన ఓపిక

కాలిఫోర్నియాలోని సాక్రమెంటో నగరవాసులు తమ విద్యుత్ సంస్థ తమదే కావలెనని 1923లో వోటు వేసిరి. పాత కంపెనీతో వ్యాజ్యములు ముగిసి, తీగలు చేతికివచ్చి, సరఫరా ఆరంభమగుటకు 1946 డిసెంబరు 31 వరకు పట్టెను. ఆ సంస్థకు పాలకులను ప్రజలే యెన్నుకొందురు. 1989లో తమ అణువిద్యుత్ కేంద్రమును నడుపవలెనా, మూయవలెనా యని ప్రజల నడిగిరి; ప్రజలు మూయుమనిరి, మూసిరి. 2021లో, 2030 నాటికి బొగ్గుపులుసు వాయువును వెలువరింపని విద్యుత్తునే సరఫరా చేయవలెనను ప్రణాళికను పాలకవర్గ మంగీకరించెను. ఇందు మనము గ్రహింపదగినది వారి ధనము గాదు. ఏ సంవత్సరమున నేది మూయవలెను, నేది కట్టవలెను, ధర యెంతకు మించరాదు అను సంగతులను ముందుగా వ్రాసి, బిల్లు కట్టువారి ముందుంచిన పద్ధతి.

నీటిని మరువరాదు

మన భూములలో విద్యుత్తు లెక్కయు భూగర్భజలము లెక్కయు వేరు గావు. సేద్యమునకు ఉచిత విద్యుత్తు 2004 నుండి కలదు. తెలంగాణములో 2018 జనవరి 1 నుండి ఇరువదినాలుగు గంటల సరఫరా మొదలయ్యెను. రైతునకిది గొప్ప ఊరట. కాని నీరు చాలినను మోటరు కట్టక విడుచు అలవాటు బోరును ఎండగట్టును. సౌరశక్తి వచ్చిన తరువాత ఈ ప్రమాదము హెచ్చవచ్చును. ఏలయన ఎండకు బిల్లు లేదు.

దీనికి గుజరాతులోని ఖేడా జిల్లా, ఢుండి గ్రామ రైతులు ఒక విరుగుడు చూపిరి. ఆరుగురు రైతులు కలిసి సౌర మోటర్లు పెట్టుకొని సహకార సంఘముగా నేర్పడి, 2016 నుండి తమకు మిగిలిన విద్యుత్తును పంపిణీ సంస్థకు అమ్మసాగిరి. అమ్ముకొను దారి యున్నప్పుడు పారబోసిన నీరు పోగొట్టుకొన్న రూపాయి యని రైతునకు తెలియును. ఎండయు ఒక పంటయై, నీటిని కాపాడిన వానికే ఫలమిచ్చెను.

మన కర్తవ్యము

2019లో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన కుసుమ్ పథకమున రైతులు, రైతుసంఘములు, సహకార సంఘములు, పంచాయతీలు తమ నేలలో 500 కిలోవాట్లు మొదలు 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రములు పెట్టి పంపిణీ సంస్థకు అమ్ముటకు వీలు కల్పించిరి. ఒప్పందము 25 సంవత్సరములది. ఇందులోనే లాభమును, మోసపోవు అవకాశమును గలవు. పెట్టుబడి లేని రైతు తన బీడును కౌలుకిచ్చి ఊరకుండవచ్చును; అప్పుడు కౌలు ఆయనది, రాబడి బయటివారిది. పదిమంది కలిసి సంఘముగా పెట్టినచో అప్పుభారము వచ్చునుగాని, అప్పు తీరిన పిదప కేంద్రము తమది.

కాబట్టి ఏ సంఘమైనను తీర్మానము చేయుటకు ముందు మహాజనసభలో ఈ ప్రశ్నలకు వ్రాతమూలకముగా జవాబు పొందవలెనని మా విన్నపము. యూనిట్టుకు ధర యెంత, ఎన్ని నెలలకొకమారు సొమ్ము చేరును? సొమ్ము ఆలస్యమైన నెలలలో బ్యాంకు వాయిదా ఎవరు కట్టుదురు? సబ్‌స్టేషను ఎంత దూరము, తీగ ఖర్చు ఎవరిది? ఫలకము పగిలిన, ఇన్వర్టరు చెడిన బాగుచేయువారెవరు? ఒప్పందము ముగిసిన నాడు నేలను చదును చేసి ఇచ్చు బాధ్యత ఎవరిది? వీనిలో ఒక్కదానికైనను జవాబు రానిచో ఆ పనిని మరుసటి సభకు వాయిదా వేయుట నామోషీ కాదు.

సిరిసిల్ల వంటి సంఘములు మరియొక చిక్కును కూడ తలచవలెను. బాగుగా బిల్లు చెల్లించు మిల్లులు, దుకాణములు తమ కప్పుల మీద తామే ఫలకములు పెట్టుకొన్నచో సంఘమునకు ఆ రాబడి తగ్గును. స్తంభముల ఖర్చు మాత్రము తగ్గదు. ఆ భారము మిగిలిన పేద సభ్యులపై పడకుండ ముందే ధరలను సవరించుకొనుట వివేకము.

ఎండ అందరి పొలములమీదను సమముగా కాయును. దాని ఫలము మాత్రము లెక్క తెలిసినవానికే దక్కును. మన సభ్యులు రాబోవు సభకు తమ మోటరు అశ్వశక్తిని, దినమునకు నడచు గంటలను, యాసంగిలో బోరు నీరు తగ్గిన నెలను ఒక చీటిమీద వ్రాసి తెచ్చెదరుగాక. ఊరంతటి చీటీలు కూడినచో ప్రణాళికలో సగము సిద్ధమైనట్లే.