వందేళ్ల కిందటి కారులో ఛార్జింగ్ ఎట్లా సెట్ చేసేవాళ్ళు?

మన పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి కదా. వాటిలో బ్యాటరీకి ఎంత ఛార్జింగ్ పోవాలో ఎలక్ట్రానిక్స్ చూసుకుంటుంది. మరి 1919 నుంచి సెల్ఫ్ స్టార్టర్‌తో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ కారులో? అక్కడ ఆ పని చేసేది డైనమోలోని మూడో బ్రష్.

రెండు బ్రష్‌లు కరెంటు బయటికి ఇస్తాయి. మూడోది ఫీల్డ్ కాయిల్‌కి ఇస్తుంది. ఇంజన్ ఆపి, దాన్ని లూజ్ చేసి, ఆర్మేచర్ తిరిగే వైపుకి జరిపితే ఛార్జింగ్ పెరుగుతుంది. ఎదురు వైపుకి జరిపితే తగ్గుతుంది. మళ్ళీ బిగించి, లైట్లు ఆపి, ఇంజన్ నడిపి అమ్మీటర్ చూడాలి. టెస్టింగ్ అంటే ఇదే!

చిక్కేందంటే, బ్యాటరీ నిండిందో లేదో ఈ బ్రష్‌కి తెలీదు. అనంతపురం లాంటి ఎండల్లో పగలంతా బండి నడిపితే ఓవర్‌ఛార్జ్ అయి, బ్యాటరీలో నీళ్ళు తగ్గిపోతాయి. అందుకే లాంగ్ జర్నీల్లో పట్టపగలే హెడ్‌లైట్లు వేసేవాళ్ళు. ఎండాకాలం ఛార్జింగ్ తగ్గించి, చలికాలం పెంచి పెట్టేవాళ్ళు.

ఇంకోటి, చాలా ముఖ్యం: ఇట్లాంటి బండిని బ్యాటరీ వైరు తీసేసి నడపొద్దు. వోల్టేజ్‌ని అదుపులో పెట్టేది ఆ బ్యాటరీనే. అది లేకుంటే వోల్టేజ్ ఎగబాకి కాయిల్స్ కాలిపోతాయి.

తర్వాత రెగ్యులేటర్ బాక్స్ వచ్చింది, మూడో బ్రష్ పోయింది. మన పాత అంబాసిడర్లలో ఉండేది ఆ బాక్సే. దాని టెస్టింగ్ వేరే. మీ ఊర్లో పాత బండి ఉందా? ముందు డైనమోకి ఎన్ని బ్రష్‌లున్నాయో చూసి, కామెంట్‌లో చెప్పండి!