పరీక్ష ముందు గుండె ఎందుకు దడదడలాడుతుంది? దాన్ని తగ్గించడం ఎలా?

పరీక్ష హాల్లో పులి ఉండదు. అయినా మన ఒంటికి పులి ఎదురైనంత పనవుతుంది. మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథులు అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లను వదులుతాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. ఇదంతా పరుగెత్తడానికి సిద్ధపడటం. మనమేమో కుర్చీలోంచి కదలం!

అందుకే నడవాలి. ఉదాహరణకు, హైదరాబాద్ శివార్లలోని గండిపేటకు దగ్గర్లో చిలుకూరు బాలాజీ గుడి ఉంది. అక్కడ కోరిక చెప్పుకుని 11 ప్రదక్షిణలు చేస్తారు, తీరాక వచ్చి 108 చేస్తారు. లెక్క తప్పకుండా కాగితం మీది గళ్లలో గుర్తు పెట్టుకుంటూ తిరిగేవాళ్లు చాలామంది. భక్తి సంగతి అలా ఉంచితే, ఒంటికి ఇందులో రెండు మేళ్లున్నాయి. నడక బిగిసిన కండరాలకు పని చెబుతుంది. మెదడు ఒకేసారి ఎక్కువ విషయాలు పట్టుకోలేదు కాబట్టి, లెక్కపెడుతున్నంతసేపూ దిగులుకు చోటు తగ్గుతుంది. మీ వీధిలో నడిచినా ఇంతే.

నడవడానికి వీల్లేకపోతే ఊపిరి ఉంది. 4 అంకెలు లెక్కపెడుతూ గాలి పీల్చి, 6 లెక్కపెడుతూ వదలండి. నిదానంగా వదిలేటప్పుడు, మెదడు నుంచి గుండెకు వెళ్లే వేగస్ నాడి గుండె వేగాన్ని తగ్గిస్తుంది. పరీక్ష హాల్లోనూ చేయొచ్చు, పక్కవాళ్లకు తెలియనే తెలియదు.

మనసు కాస్త మళ్లడానికి సెలవు రోజున పెద్దవాళ్లతో గండిపేట చెరువు చూసి రండి. 1908 మూసీ వరదల తర్వాత, హైదరాబాద్ నగరాన్ని కాపాడటానికి కట్టి 1920లో పూర్తిచేసిన జలాశయమిది. ఫోన్ మాత్రం జేబులోనే ఉంచండి.

వారాల తరబడి నిద్ర పట్టకపోతే, ఏ పనీ చేయబుద్ధి కాకపోతే అమ్మానాన్నలకో టీచరుకో తప్పకుండా చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. తెలుగులోనే మాట్లాడొచ్చు.