శనివారం పరుగు.. ఆదివారం కూత

మ్యాచ్‌లో ఇక చివరి కూత ఒక్కటే మిగిలింది. స్కోరు 27-26. ఒక్క పాయింటు మాదే ఎక్కువ. అవతలి జట్టు రైడర్ కూత పెడుతూ మా కోర్టులోకి వచ్చాడు. మ్యాట్ మీద మేం నలుగురమే ఉన్నాం. వాడు తిన్నగా నా వైపే వచ్చాడు. నేను లెఫ్ట్ కార్నర్‌ని. అక్కడ నిలబడేవాడి ముఖ్యమైన పని, కాలు అందితే చీలమండ పట్టి ఆపేయడం.

కాలు అందింది. నేను చూశాను కూడా. దూకమని బుర్ర చెప్పింది, తొడలు అర సెకను ఆలస్యంగా విన్నాయి. చేతికి షూ అంచు మాత్రం తగిలింది. నాకు సాయంగా వచ్చిన కుర్రాడికీ వాడు తగిలి, మధ్య గీత దాటేశాడు. రెండు పాయింట్లు. 27-28. ఆఫీసుల మధ్య జరిగే టోర్నమెంట్‌లో మా సెమీఫైనల్ అలా పోయింది.

షూ విప్పుకుంటుంటే మా కెప్టెన్ అన్న వచ్చి పక్కన కూర్చున్నాడు.

"తమ్మీ, నిన్న ఎంత ఉరికినవ్?"

"పద్దెనిమిది కిలోమీటర్లన్నా."

తిట్టలేదు. కాసేపాగి, "ఉరుకుడు మంచిదే. గానీ మాకో మాట చెప్పాలె గద" అన్నాడు.

తిట్టినా బాగుండేది.

రెండు పిచ్చులు

కబడ్డీ నాకు చిన్నప్పటి నుంచీ ఉంది. సంక్రాంతికి మా ఊళ్లో పోటీలు జరిగేవి. అక్కడ దాన్ని చెడుగుడు అనేవాళ్లు. మోకాళ్లు చీరుకుపోయే మట్టి కోర్టులో, మా బాబాయి నాకు కాలు పట్టడం నేర్పాడు. "మొహం చూడకురా, మోకాలు చూడు. మొహం అబద్ధం చెబుతుంది" అనేవాడు. ఇంజినీరింగ్‌లో ఆడాను, ఉద్యోగంలో చేరాక ఆఫీసు జట్టులో ఆడుతున్నాను.

పరుగు మాత్రం హైదరాబాద్ వచ్చాకే పట్టుకుంది. రోజంతా కుర్చీలో కూర్చుని నడుం పట్టేస్తుంటే, ఒక ఉదయం కేబీఆర్ పార్కు చుట్టూ పరిగెత్తాను. మూడో కిలోమీటరుకే ఆయాసం. నెల తిరిగేసరికి ఐదు, ఆర్నెల్లకు పది. తెల్లవారుజామున ఫోన్ మోగదు, మీటింగ్ ఉండదు, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. ఆ గంట నాకు బాగా నచ్చేసింది. తర్వాత అందరిలాగే నాకూ ఆశ పుట్టింది: 21.1 కిలోమీటర్ల హాఫ్ మారథాన్‌ని రెండు గంటల్లోపు పూర్తి చేయాలి. అంటే కిలోమీటరుకు 5 నిమిషాల 41 సెకన్లు మించకూడదు.

కాళ్లు రెండే కదా

కబడ్డీలో ఒక కూతకు 30 సెకన్లు. ఆ కాస్త టైంలోనే ఒక్కసారిగా పేలినట్టు కదలాలి, మళ్లీ నిలబడాలి, మళ్లీ పేలాలి. ఇలా 20 నిమిషాల చొప్పున రెండు సగాలు. దూరం పరుగుకు ఇది పూర్తిగా రివర్స్. అక్కడ పేలితే పని పాడవుతుంది. గంటల తరబడి ఒకే వేగాన్ని పొదుపుగా ఖర్చు పెట్టాలి. నేను మాత్రం ఒకే జత కాళ్లతో రెండూ చేయించాలనుకున్నాను.

ఈ తలనొప్పి నా ఒక్కడిదే కాదని తర్వాత చదివి తెలుసుకున్నా. అమెరికాలో రాబర్ట్ హిక్సన్ అనే పరిశోధకుడు ఉండేవాడు. బరువులెత్తడం ఆయన అలవాటు. తన ప్రొఫెసర్‌తో కలిసి రోజూ పరిగెత్తడం మొదలుపెట్టాక బలం తగ్గుతున్నట్టు అనిపించింది. దాంతో దాని మీదే ప్రయోగం చేశాడు. కొందరికి బరువులు మాత్రమే, కొందరికి ఓర్పు పెంచే శిక్షణ మాత్రమే, ఇంకొందరికి రెండూ. అలా 10 వారాలు. రెండూ చేసినవాళ్ల బలం మొదట్లో మిగతావాళ్లలాగే పెరిగింది. ఆ తర్వాత ఆగిపోయి, చివరి వారాల్లో తగ్గింది. 1980లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. అప్పట్నుంచి ఈ గొడవ మీద చాలా పరిశోధన జరిగింది. రెండూ కలిపి చేయడం తప్పేం కాదు, కానీ మోతాదు, మధ్యలో విశ్రాంతి సరిగ్గా ఉండాలన్నది అందులోంచి నాకు పనికొచ్చిన మాట.

నేను చేసిందేంటి? శనివారం 18 కిలోమీటర్లు, అదీ ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ. ఎక్కేటప్పుడు ఊపిరి ఆడదు కాబట్టి ఎక్కడమే కష్టమనుకుంటాం. నిజానికి తొడల్ని పిండేది దిగడమే. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే శరీరం బరువును ఆపాలి. ఆ నొప్పి ఆ రోజు కనిపించదు. ఒకటి నుంచి మూడు రోజుల్లో ముదురుతుంది. ఆదివారం సాయంత్రం సెమీఫైనల్ టైంకి నా తొడలు సరిగ్గా అక్కడే ఉన్నాయి.

అసలు తప్పు వేరే

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పద్దెనిమిది పరిగెత్తడం తప్పా అని చాలాసేపు ఆలోచించాను. పరుగు తప్పు కాదు. దాచడం తప్పు. కాళ్లు బరువుగా ఉన్నాయని వార్మప్‌లోనే నాకు తెలుసు. చెబితే బెంచ్ మీద కూర్చోబెడతారని నోరు మూసుకున్నాను.

ఒంటరిగా పరిగెత్తేటప్పుడు అలసిపోతే నా టైం పోతుంది. అది నా సొంత డబ్బు. జట్టులో అలసిపోతే మిగతా ఆరుగురి డబ్బు ఖర్చు పెట్టినట్టు. వాళ్లనడక్కుండా ఆ పని చేశాను.

మర్నాడు కెప్టెన్ అన్నకు అదే చెప్పాను. జట్టు వాట్సాప్ గ్రూపులో నా లాంగ్ రన్ తేదీలన్నీ పెట్టాను. మ్యాచ్‌కు ముందు 72 గంటల్లో పది కిలోమీటర్లు దాటకూడదని, ఫ్లైఓవర్ల జోలికి వెళ్లకూడదని రూల్ పెట్టుకున్నాను. కాళ్లకు సంబంధించిన బరువులు, కబడ్డీ ప్రాక్టీసు ఒకే రోజు పెట్టేశాను. దాంతో మరుసటి రోజు నిజంగా ఖాళీ దొరికింది. వారానికి ఐదు పరుగులు మూడయ్యాయి.

ఆగస్టు పరీక్ష

మేలో ఇంకో టోర్నమెంట్ షెడ్యూల్ వచ్చింది. క్వార్టర్ ఫైనల్ శనివారం సాయంత్రం. మర్నాడు తెల్లవారుజామునే హైదరాబాద్ మారథాన్‌లో నా హాఫ్. నెక్లెస్ రోడ్డులో మొదలై గచ్చిబౌలిలో ముగిసే పరుగు, మధ్యలో ఎత్తుపల్లాలు, ఫ్లైఓవర్లు.

ఈసారి మూడు నెలల ముందే చెప్పాను. "అన్నా, ఆ మ్యాచ్ ఆడను."

"అయితే పోరణ్ని తయారు చెయ్" అన్నాడు.

ఆఫీసులో కొత్తగా చేరిన తమ్ముడు ఒకడున్నాడు. వారానికి రెండు సాయంత్రాలు వాడికి లెఫ్ట్ కార్నర్ నేర్పాను. బాబాయి మాటే చెప్పాను: మొహం చూడకు, మోకాలు చూడు.

ఆ శనివారం బెంచ్ మీద అరటిపండు తింటూ కూర్చున్నాను. రెండో సగంలో వాడు అవతలి జట్టులోని బెస్ట్ రైడర్ చీలమండ పట్టేశాడు. కదలనివ్వలేదు. బెంచ్ మీంచి ఎగిరి అరిచాను. కూర్చున్నాక మాత్రం గొంతులో ఏదో అడ్డుపడింది. నేను లేకుండా మా జట్టు గెలిచింది.

ఆదివారం నా టైం 2 గంటల 9 నిమిషాలు. రెండు గంటల్లోపు రాలేదు. పదహారో కిలోమీటరు తర్వాత ఒక ఎత్తు దగ్గర నడిచాను. గీత దాటాక ఫోన్ తీస్తే కెప్టెన్ అన్న మెసేజ్: "ఎంతల కొట్టినవ్ తమ్మీ?"

రెండు ఆటలూ ఆడేవాళ్లకు నా సలహా ఏమిటంటే, రెండింట్లోనూ టాప్ అవుతానని మీకు మీరు మాటివ్వకండి. కుదరదు. నాకూ కుదర్లేదు. ఏ వారం ఏది ముందో తేల్చుకుని, ఆ మాట మీ మీద ఆధారపడ్డవాళ్లకు ముందే చెప్పండి.

ఇప్పుడు లెఫ్ట్ కార్నర్ ఆ తమ్ముడిదే. నేను ఏడుగురిలో ఉండే వారాలున్నాయి, బెంచ్ మీద ఉండే వారాలూ ఉన్నాయి. వచ్చే ఆదివారం మ్యాచ్ ఉంది. అందుకే రేపు ఉదయం ఆరు కిలోమీటర్లే, అదీ చదును రోడ్డు మీద. గ్రూపులో రాత్రే రాసేశాను.