ఆయాసం వెనుక దాగిన దిగులు

దీర్ఘకాలంగా ఆయాసంతో బాధపడే పెద్దవారున్న ఇళ్ళలో తప్పక గమనించవలసిన విషయమొకటి ఉన్నది. మందులు క్రమంగా వాడుతున్నా రోగి మంచం వదలడు. అన్నం సహించదంటాడు. తెల్లవారుజామునే మేలుకొని కూర్చుంటాడు. ఇంటివారు దీనినంతటినీ ఊపిరితిత్తుల ఖాతాలోనే వేస్తారు. నీరసం, అరుచి, నిద్రలేమి దిగులు వ్యాధికీ లక్షణాలే గనుక ఇట్లు పొరబడుట సహజం.

తేడా తెలియుటకు రెండు ప్రశ్నలు అడిగి చూడండి. గత రెండు వారాలలో ఎక్కువ రోజులు మనసు నిరాశగా ఉన్నదా? ఇష్టమైన పనులపై ఆసక్తి తగ్గినదా? చాంద్రాయణగుట్ట చౌరస్తాలో ఇరానీ చాయ్ తాగుతూ మిత్రులతో గంటలు గడిపిన మనిషి, ఊపిరి తేలికగా ఆడిన రోజున సైతం, వారే ఇంటికి వచ్చి పిలిచినా లేవకున్నాడంటే అది కేవలం ఆయాసం కాదు.

చరకసంహిత విషాదాన్ని ఎనభై వాతవికారాలలో ఒకటిగా లెక్కించడమేగాక, రోగాన్ని పెంచేవాటిలో దానికి అగ్రస్థానమిచ్చింది. నేటి వైద్యానికీ ఇది సమ్మతమే. ఆయాసం వస్తుందన్న భయంతో రోగి కదలడు. కదలనందున కండరాలు క్షీణించి నాలుగడుగులకే రొప్పు వస్తుంది. అది చూచి మరింత కుంగిపోతాడు.

కనుక వైద్యుని సలహాతో రోజూ కొద్దిదూరమైనా నడిపించాలి. ముక్కుతో గాలి పీల్చి, ఈల వేయునట్లు పెదవులు ముడిచి, రెట్టింపు సేపు మెల్లగా వదలాలి. ప్రాణాయామం పేరిట ఊపిరి బిగబట్టరాదు. ఆ గదిలో అగరువత్తులు, సాంబ్రాణి ధూపం వద్దు. కడుపు నిండితే ఊపిరికి చోటు తగ్గుతుంది గనుక ఆహారం కొద్దికొద్దిగా పలుమార్లు ఇవ్వాలి.

నిద్రమాత్రలు సొంతంగా కొని ఇవ్వడం ప్రమాదకరం. వాటిలో కొన్ని శ్వాసను మందగింపజేస్తాయి. అశ్వగంధనైనా వైద్యుని అడగకుండా చేర్చవద్దు. స్టెరాయిడ్ మాత్రల వల్ల కూడా మనసు కలత చెందవచ్చు. అయినా వాటిని హఠాత్తుగా ఆపరాదు.

మానసిక వైద్యుడనగానే మన నగరంలో "ఎర్రగడ్డ" అని ఎగతాళి చేస్తారు. దశాబ్దాలుగా ఛాతీ ఆసుపత్రికి చిరునామా కూడా ఆ ఎర్రగడ్డయే! ఊపిరి కోసం వెళ్ళుటకు లేని నామోషీ మనసు కోసం వెళ్ళుటకెందుకు? ఇల్లు కదలలేనివారు 2022లో మొదలైన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. బ్రతకాలని లేదన్న మాట రోగి నోట వస్తే ఒంటరిగా వదలక, ఆనాడే వైద్యునికి చూపాలి. పగలంతా మగత, తికమక మాటలు, పెదవులు నీలిబారడం కనిపిస్తే మాత్రం దానిని దిగులని తలచి కాలయాపన చేయక వెంటనే 108ని పిలవాలి.