గాలికీ పెట్రోలుకూ తుని తగవు కుదరదు

చెన్నై నుండి కోల్‌కతాకు పోయే పెద్ద రహదారి మీద, రాజమహేంద్రవరానికీ విశాఖపట్నానికీ ఇంచుమించు నడిమధ్యన, తాండవ నది ఒడ్డున తుని పట్టణం ఉన్నది. అంబాసిడర్ కార్లు రోడ్లను ఏలిన రోజులలో ఈ దారిన పోయేవారు ఇక్కడ ఆగి, భోజనమో కాఫీయో ముగించుకొని, మరల బయలుదేరేవారు. వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నం అట్లు ఆగిన కారు ఒక్కొక్కప్పుడు మరల కదలనని మొరాయించేది. వంద కిలోమీటర్లు చక్కగా పరుగెత్తి వచ్చిన ఇంజను అరగంట విశ్రాంతి తరువాత ఎందుకు పలుకదు? కారు నడిపేవాడు పెట్రోలు అందడం లేదనుకొని యాక్సిలరేటరును పదే పదే తొక్కుతాడు. చోకు లాగుతాడు. స్టార్టరు గిరగిర తిరుగుతుంది గాని ఇంజను అంటుకొనదు. చివరకు పెట్రోలు వాసన గుప్పుమంటుంది. పని తెలిసిన మెకానిక్కు ఆ వాసన పట్టగానే, “ఆగండి బాబుగారూ! దాని జబ్బు ఆకలి కాదు, అజీర్ణం” అనగలడు.

ఇరువురి నడుమ వచ్చిన తగాదాను చెరిసగంగా పంచి తీర్చడాన్ని తెలుగువారు తుని తగవు అంటారు. ఇంజనులో గాలికీ పెట్రోలుకూ నడుమ ఆ తగవు కుదరదు. అక్కడ పంపకం చాలా నిక్కచ్చిగా జరగాలి.

ఒక్క బొట్టు లెక్క

మోటారు కారులో ఉండేది అంతర్దహన యంత్రం. అంటే ఇంధనం సిలిండరు లోపలనే మండి పిస్టనును నెడుతుంది. మండవలసింది ద్రవరూపంలోని పెట్రోలు కాదు, గాలితో కలిసిన పెట్రోలు ఆవిరి. ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో సుమారు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఘనపరిమాణంలో చెబితే ఒక లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి అవసరం.

అంబాసిడర్ కారులో చిరకాలం వాడిన ఇంజను పరిమాణం 1,489 ఘనసెంటీమీటర్లు. నాలుగు సిలిండర్లు గనుక ఒక్కొక్కటి సుమారు 372 ఘనసెంటీమీటర్లు. అంత గాలి బరువు అర గ్రాము కంటే తక్కువే. దానికి కావలసిన పెట్రోలు సుమారు 0.03 గ్రాము, అనగా ఒకే ఒక చిన్న బొట్టు! ఈ లెక్కను బట్టి చూస్తే, నాలుగైదు బొట్లు అధికంగా పడినా ఇంజను ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతుందో తెలుస్తుంది.

ఈ మిశ్రమానికి రెండు ఎల్లలు ఉన్నాయి. గాలిలో పెట్రోలు ఆవిరి ఘనపరిమాణంలో నూటికి సుమారు 1.4 వంతులకు తగ్గితే మంట అంటుకొనదు. సుమారు 7.6 వంతులకు మించినా అంటుకొనదు. మొదటి సందర్భంలో ఇంధనం చాలదు, రెండవ దానిలో ఆమ్లజని చాలదు. పొయ్యి నిండా కట్టెలు కుక్కితే మంట ఆరిపోయి పొగ మిగలడం వంటిదే ఇది.

పెట్రోలు ఎందుకు ఎక్కువవుతుంది?

గాలినీ పెట్రోలునూ కలిపే సాధనం కార్బ్యురేటరు. జర్మనీలో కార్ల్ బెంజ్ 1886లో తన మోటారు బండికి పేటెంటు పొందాడు. సన్నని రంధ్రం గుండా పెట్రోలును చిమ్మించే కార్బ్యురేటరును 1893లో విల్‌హెల్మ్ మేబాక్ రూపొందించాడు. గాలి ఇరుకైన దారిలో వేగంగా పోయేటప్పుడు అక్కడ పీడనం తగ్గుతుంది. ఆ తగ్గుదల వల్ల పెట్రోలు రంధ్రం నుండి తుంపరగా పైకి వస్తుంది. పెట్రోలు మట్టం హెచ్చకుండా ఒక చిన్న తొట్టిలో తేలే బుర్ర, దానికి అనుబంధమైన సూది కవాటం కాపలా కాస్తాయి.

ఈ ఏర్పాటు నాలుగు విధాల తప్పవచ్చు. మొదటిది చోకు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు పెట్రోలులో కొంత భాగమే ఆవిరి అవుతుంది. ఆ లోటు తీర్చడానికి చోకు గాలి దారిని మూసి ఎక్కువ పెట్రోలును లాగిస్తుంది. వేడి ఇంజనుకు చోకు వేస్తే పెట్రోలు మితిమీరుతుంది. రెండవది తొక్కుడు. కొన్ని కార్బ్యురేటర్లలో యాక్సిలరేటరు తొక్కిన ప్రతిసారీ కొంత పెట్రోలు చిమ్మే చిన్న పంపు ఉంటుంది. ఇంజను తిరగకపోయినా అది చిమ్ముతూనే ఉంటుంది. మూడవది నలుసు. సూది కవాటం క్రింద దుమ్ము ఇరుక్కుంటే, లేదా బుర్రకు చిల్లి పడి అది మునిగితే, తొట్టి పొంగి పొర్లుతుంది.

నాలుగవదే తుని ఎండలో జరిగే చోద్యం. పరుగెత్తే కారులో గాలి, నీరు తిరుగుతూ ఇంజనును చల్లబరుస్తాయి. కారు ఆపగానే ఆ చల్లదనం ఆగిపోతుంది. ఇంజనులోని వేడి మెల్లగా కార్బ్యురేటరుకు ఎక్కుతుంది. పెట్రోలు మరిగి, రంధ్రం గుండా ప్రవేశనాళంలోకి బొట్లుబొట్లుగా కారుతుంది. ప్రయాణికులు భోజనం చేస్తున్నంతసేపూ ఇంజను కూడా ఇట్లు అనవసరపు విందు ఆరగిస్తూ ఉంటుంది.

ప్లగ్గు తడిస్తే

మిశ్రమాన్ని అంటించే స్పార్కు ప్లగ్గులో రెండు లోహపు మొనల నడుమ ఒక మిల్లీమీటరుకు లోపు ఎడం ఉంటుంది. వేలకొలది వోల్టుల విద్యుత్తు ఆ ఎడాన్ని దాటినప్పుడు రవ్వ పుడుతుంది. పెట్రోలు తనంతట తాను విద్యుత్తును ప్రవహింపజేయదు. అయితే అది ఎడంలో నిండితే రవ్వ దూకడం కష్టమవుతుంది. ప్లగ్గు పింగాణి మీద మసి ఉంటే, ఆ తడిమసి వెంట విద్యుత్తు అడ్డదారిన జారిపోతుంది. ఇక రవ్వ పుట్టదు. రవ్వ లేక పెట్రోలు మండదు, మండక ప్లగ్గు ఆరదు. ఇది ఒక విషవలయం.

దీని వల్ల వేరే నష్టాలూ ఉన్నాయి. సిలిండరు గోడల మీది నూనె పొరను పెట్రోలు కడిగివేస్తుంది. స్టార్టరు మోటారు నూరు ఆంపియర్లకు మించిన విద్యుత్తును తీసుకొంటుంది. ఇది 60 వాట్ల హెడ్‌లైట్లు ఇరవై వెలిగించినంత. అందుచేత తెరిపి లేకుండా తిప్పితే కొద్దిసేపటికే బ్యాటరీ డీలాపడుతుంది.

విరుగుడు

జబ్బు తెలిస్తే మందు సులభమే. పెట్రోలు తగ్గించాలి, గాలి పెంచాలి.

చోకును పూర్తిగా లోపలికి నెట్టాలి. కొన్ని నిమిషాలు ఊరక ఉండి పెట్రోలును ఆవిరి కానివ్వాలి. తరువాత యాక్సిలరేటరును మెల్లగా ఒకేసారి అడుగంటా నొక్కి అట్లే పట్టుకోవాలి. ఎత్తి తొక్కరాదు. అప్పుడు స్టార్టరును పది సెకన్లకు మించకుండా తిప్పాలి. అంటుకొనకపోతే కాస్త విరామమిచ్చి మరల ప్రయత్నించాలి. ఇంజను పలకగానే కాలు క్రమంగా వదలాలి. మొదట నల్లని పొగ వస్తే భయపడనక్కరలేదు, అది మిగిలిన పెట్రోలు మండడమే.

యాక్సిలరేటరు పూర్తిగా నొక్కితే పెట్రోలు ఇంకా ఎక్కువ రాదా? ఈ సందేహం సహజమే. నిజానికి ఆ మీట తెరిచేది గాలి తలుపును. స్టార్టరుతో ఇంజను చాలా నెమ్మదిగా తిరుగుతుంది. తలుపు బార్లా తెరిచి, చోకు లేకుండా ఉంటే గాలి విరివిగా వస్తుంది గాని, దాని వేగం పెట్రోలును లాగడానికి చాలదు. ఆ గాలియే సిలిండర్లను ఊడ్చి ఆరబెడుతుంది.

ఇందుకూ లొంగకపోతే ప్లగ్గులు విప్పి, తుడిచి, ఆరబెట్టాలి. అవి తడిగా ఉంటే రోగనిర్ణయం సరియైనదే. పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని అర్థం, చికిత్స వేరు. ఈ పని చేసేటప్పుడు దగ్గరలో బీడీ గాని, దీపం గాని ఉండరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువైనది. అది నేలబారున ప్రాకి దూరాన ఉన్న నిప్పును కూడా అందుకొనగలదు. అదృష్టం కొద్దీ కారు కదలకపోవడం చిన్న కష్టం, కారు కాలిపోవడం పెద్ద కష్టం.

కొత్త కార్ల సంగతి

1957లో మొదలైన అంబాసిడర్ కారు తయారీ 2014లో నిలిచిపోయింది. నేటి పెట్రోలు కార్లలో కార్బ్యురేటరు లేదు. ఉష్ణోగ్రతను, గాలిని కొలిచి, ఒక చిన్న కంప్యూటరు పెట్రోలును లెక్కగా చిమ్మిస్తుంది. అయినా జబ్బు పూర్తిగా పోలేదు. చల్లని ఇంజనును నడిపించి, కారును నాలుగు గజాలు జరిపి వెంటనే ఆపివేస్తే ప్లగ్గులు తడవవచ్చు. చాలా కార్లలో యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి స్టార్టు చేస్తే కంప్యూటరు పెట్రోలును ఆపి గాలిని మాత్రమే పంపుతుంది. అంటే పాత మెకానిక్కు ఉపాయాన్నే కొత్త యంత్రానికి నేర్పారన్నమాట. ఆయా కారుతో ఇచ్చిన పుస్తకంలో ఈ సంగతి చూచుకోవాలి.

తుఫాను రోజులలో వరదనీట మునిగిన ఇంజను కథ వేరు. దానిని స్టార్టు చేయనే రాదు. గాలి వలె నీరు నొక్కితే కుదించుకొనదు. సిలిండరులో నీరుండగా పిస్టను పైకి లేస్తే దానిని నడిపే కడ్డీయే వంగిపోతుంది.

తరగతిలో చేసి చూడండి

గ్లాసు నీటిలో ఒక సన్నని గొట్టాన్ని, పై చివర నీటికి కొద్దిగా ఎత్తున ఉండేటట్లు, నిలువుగా పట్టుకోవాలి. మరొక గొట్టంతో ఆ చివర మీదుగా అడ్డంగా గట్టిగా ఊదితే నీరు పైకెక్కి తుంపరగా చిమ్ముతుంది. మెల్లగా ఊదితే నీరు పైకి రాదు. కార్బ్యురేటరు సూత్రమూ ఇదే, పైన చెప్పిన విరుగుడు రహస్యమూ ఇదే. ప్రయోగానికి నీటినే వాడాలి, పెట్రోలును బడిలోకి తేరాదు.

ఇంజను మొరాయించినప్పుడు ఇంకా కొంచెం పెట్రోలు ఇద్దామనిపించడం మనిషి స్వభావం. కాని మండడానికి ఇంధనం ఎంత అవసరమో గాలి అంత అవసరం. తొక్కే కాలిని ఒక్క నిమిషం ఆపి, వాసన చూచి, కారణం వెదకినవాడే ముందుగా ఊరు చేరుతాడు.